చిన్న ఆర్థిక సేవల ఆఫీసుకు వెబ్‌సైట్: అందరూ అడుగున దాచేదే అసలు సంగతి

మ్యూచువల్ ఫండ్లు, ఇన్సూరెన్స్ కలిపి చూసే చిన్న ఆఫీసులు తెలుగు రాష్ట్రాల్లో దాదాపు ప్రతి టౌనులోనూ కనిపిస్తాయి. ఒక గది, ఒక కంప్యూటర్, ఫారాలు నింపడానికి ఒక అసిస్టెంటు. కస్టమర్లు ఎవరో ఒకరు చెబితే వస్తారు. ఒక టీచరు స్టాఫ్ రూములో తోటివాళ్లకు చెబుతారు, రిటైరైన బ్యాంకు ఉద్యోగి పొద్దున వాకింగ్‌లో కలిసేవాళ్లకు చెబుతారు. ఇలా నోటి మాట మీద నడిచే వ్యాపారానికి వెబ్‌సైట్ దేనికన్న ప్రశ్న సహజమే. గూగుల్‌లో దొరికాడని ముక్కూమొహం తెలియని మనిషికి ఐదు లక్షల పని అప్పగించేవాళ్లు ఎంతమంది ఉంటారు?

అయినా వెబ్‌సైట్ అవసరమే. కాకపోతే డిజైనర్లు చెప్పే కారణానికి కాదు. కొత్త కస్టమర్లను తెచ్చిపెట్టడం కంటే, వచ్చిన కస్టమర్ ఇంట్లోవాళ్ల అనుమానం తీర్చడం దాని మొదటి పని. రిటైర్మెంట్ డబ్బులో కొంత ఫండ్లలో పెడదామని తండ్రి అనుకుంటాడు. బెంగళూరులోనో డాలస్‌లోనో ఉన్న కొడుకు ఫోన్‌లో "ఎవరు నాన్నా ఆయన? పేరు పంపించు" అంటాడు. ఆ రాత్రే వెతుకుతాడు. అగ్రిగోల్డ్‌లో లక్షలమంది డిపాజిటర్ల డబ్బు ఇరుక్కుపోవడం చూసిన ప్రాంతం ఇది. వాట్సాప్ గ్రూపుల్లో దింపి, నకిలీ ట్రేడింగ్ యాప్‌లలో లక్షలు పోయించే ముఠాల వార్తలు పేపర్లో తరచూ వస్తూనే ఉన్నాయి. కాబట్టి ఆ కొడుకు అనుమానంలో తప్పేమీ లేదు. వెబ్‌సైట్‌కు నిజమైన మొదటి పాఠకుడు అతనే.

అతను వెతికేది మూడు సంగతులు. ఈయన ఎవరు? ఈ పని చేయడానికి లైసెన్సు ఉందా? నాన్న డబ్బు ఎవరి ఖాతాలోకి పోతుంది?

పది పదిహేను వేలకు తయారయ్యే మామూలు టెంప్లేట్ సైట్ తెరిస్తే ఈ మూడింటికీ సమాధానం దొరకదు. ముందు సూటు వేసుకున్న విదేశీయులు చేతులు కలుపుతున్న ఫొటో వస్తుంది. దాని కింద "మీ కలలకు మా భరోసా" అన్న వాక్యం. ఇంకా కిందకు జరిపితే సున్నా నుంచి గిర్రున తిరిగి "500+ హ్యాపీ క్లయింట్స్" దగ్గర ఆగే అంకె. రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే గింటే పేజీ అట్టడుగున, బూడిద రంగులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. చాలామంది యజమానులు దాన్ని రూల్ కోసం పెట్టాల్సిన తద్దినంలా చూస్తారు. అది పేజీ పైభాగంలో, పేరు పక్కన ఉండాలి.

పేరు దగ్గరే మొదటి చిక్కు

ఫండ్లు అమ్మిపెట్టి, వాటిని నడిపే కంపెనీ (ఫండ్ హౌస్) నుంచి కమీషన్ తీసుకునేవారు డిస్ట్రిబ్యూటర్. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నెలకొల్పిన శిక్షణ సంస్థ నిస్మ్ నిర్వహించే 5-ఏ పరీక్ష పాసై, ఫండ్ హౌసుల సంఘం ఆమ్ఫీ దగ్గర నమోదైతే ఏఆర్‌ఎన్ అనే నంబరు వస్తుంది. మూడేళ్లకోసారి దాన్ని రెన్యువల్ చేయించుకోవాలి. కస్టమర్ నుంచే ఫీజు తీసుకుని సలహా చెప్పేవారు ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్. వాళ్లకు 2013 నాటి సెబీ నిబంధనల కింద వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది. ఆ నిబంధనలను 2020లో సవరించినప్పుడు సెబీ ఒక గీత గట్టిగా గీసింది. అడ్వైజర్‌గా రిజిస్టర్ కాని డిస్ట్రిబ్యూటర్ తనను తాను ఇండిపెండెంట్ ఫైనాన్షియల్ అడ్వైజర్ అని గానీ, ఐఎఫ్‌ఏ అని గానీ, వెల్త్ అడ్వైజర్ అని గానీ, వాటిని పోలిన మరే పేరుతో గానీ చెప్పుకోకూడదు.

మరి ఊళ్లో బోర్డులు చూస్తే? పాత విజిటింగ్ కార్డుల మీద, షాపు బోర్డు మీద "అడ్వైజర్" ఇంకా వెలుగుతూనే ఉంటుంది. బోర్డు మీద పేరు ఆ వీధికే పరిమితం. అదే పేరుతో డొమైన్ (వెబ్‌సైట్ చిరునామా) కొంటే దేశమంతా చూస్తుంది, ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి ఫిర్యాదు చేయవచ్చు. పైగా డొమైన్‌లో ఆ మాట ఇరికితే తర్వాత మార్చడం నరకం. ఈమెయిల్ ఐడీలు, కార్డులు, గూగుల్ మ్యాప్స్ లిస్టింగ్ అన్నీ మార్చాల్సి వస్తుంది. ఇంటి పేరో, ఊరి పేరో కలిపి "ఇన్వెస్ట్‌మెంట్స్" అనో "ఫిన్‌సర్వ్" అనో పెట్టుకుని, దాని పక్కనే "ఆమ్ఫీ నమోదిత మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్" అని రాసి, ఏఆర్‌ఎన్ నంబరు, అది ఎప్పటివరకు చెల్లుతుందో వేస్తే సరి. ఆ నంబరును ఆమ్ఫీ సైట్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చని ఒక వాక్యం, ఆ పేజీకి లింకు పెడితే డాలస్ కొడుకు పని సగం తీరిపోతుంది.

నిజంగానే సెబీ అడ్వైజర్ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకు రూల్స్ ఇంకా బిగువు. 2023 మే 1 నుంచి అమల్లోకి వచ్చిన ప్రకటనల నియమావళి ప్రకారం పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, చిరునామాతో పాటు మార్కెట్ రిస్కు హెచ్చరిక కూడా ఉండాలి. "బెస్ట్", "నంబర్ వన్", "టాప్" లాంటి మాటలు కుదరవు. నెలనెలా వచ్చిన ఫిర్యాదులెన్ని, తేలినవెన్ని అన్న పట్టిక కూడా సైట్‌లో పెట్టాలి. చాలామందికి ఈ పట్టిక చిరాకు. "సున్నా, సున్నా, సున్నా" అని ప్రతి నెలా వేయడం ఏమిటని విసుక్కుంటారు. చూసేవాళ్లకు మాత్రం ఆ సున్నాలే "500+ హ్యాపీ క్లయింట్స్" కంటే ఎక్కువ చెబుతాయి.

ఇన్సూరెన్స్ సంగతి వేరు. ఒక కంపెనీ పాలసీ గురించి ఏజెంటు ప్రకటన వేయాలంటే ఆ కంపెనీ ముందస్తు అనుమతి కావాలి. వెబ్‌సైట్‌లో ఒక పాలసీ పేరు పెట్టి, ఇంత కడితే ఇంత వస్తుందని సొంతంగా రాయడం ఆ లెక్కన ప్రకటనే. తాను ఏ కంపెనీ ఏజెంటో, ఎలాంటి సేవలు చేస్తాడో చెప్పి, పాలసీ వివరాలకు కంపెనీ సొంత పేజీకి లింకు ఇవ్వడం క్షేమం. ఊళ్లలో బాగా అలవాటైన ఇంకో సంగతి ఉంది: "మొదటి ప్రీమియంలో సగం మేమే కడతాం". ఇన్సూరెన్స్ చట్టం 1938 లోని 41వ సెక్షన్ దీన్ని నిషేధిస్తుంది. జరిమానా పది లక్షల దాకా ఉండవచ్చు. నోటితో అన్నప్పుడు గాల్లో కలిసిపోయే ఆ మాట సైట్‌లో "ఆఫర్" బ్యానర్‌గా ఎక్కితే, తన మీద తానే సాక్ష్యం రాసిచ్చుకున్నట్టు. ఫండ్లలోనూ అంతే, కమీషన్‌లో వాటా కస్టమర్‌కు తిరిగివ్వడం ఆమ్ఫీ నియమాలకు విరుద్ధం.

చిట్టీలు నడిపే చిన్న కంపెనీలకు చట్టం మరీ సూటిగా చెబుతుంది. చిట్ ఫండ్స్ చట్టం 1982 ప్రకారం కొత్త చిట్టీలో చేరమని పిలుస్తూ నోటీసు గానీ కరపత్రం గానీ వేయాలంటే, దానికి ముందస్తు మంజూరు పొందినట్టు ఆ వివరాలతో సహా అందులోనే ఉండాలి. వెబ్ పేజీని ఇందుకు మినహాయింపు అనుకోవడానికి వీల్లేదు. "కొత్త గ్రూపు, 20 నెలలు, 5 లక్షలు, వెంటనే చేరండి" అన్న స్క్రోలింగ్ బ్యానర్‌లో మంజూరు వివరాలు లేకపోతే అది తప్పే. ఇక ఏ రిజిస్ట్రేషనూ లేకుండా "నూటికి రెండు రూపాయల వడ్డీ, డిపాజిట్ చేయండి" అని సైట్ పెట్టేవాళ్ల గురించి చెప్పాల్సింది ఒక్కటే. 2019 నాటి అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టం కింద అలాంటి డిపాజిట్లను ఆహ్వానించడమే నేరం, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా జైలు.

డొమైన్ ఎవరి పేరు మీద ఉంది?

చిన్న ఆఫీసులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. సైట్ చేసే కుర్రాడు తన సొంత అకౌంట్‌లో, తన ఈమెయిల్‌తో డొమైన్ కొంటాడు. మోసం ఉద్దేశం ఉండదు, అతనికి అలా సులువు, అంతే. రెండేళ్లకు అతనికి హైదరాబాద్‌లో ఉద్యోగం వస్తుంది, ఫోన్ నంబరు మారుతుంది. రెన్యువల్ నోటీసులు అతని పాత మెయిల్‌కు వెళ్తుంటాయి. ఒకరోజు సైట్ తెరుచుకోదు. వేరే వ్యాపారమైతే కొత్త పేరు కొనుక్కుంటే పోతుంది. డబ్బు వ్యవహారాల్లో అలా కాదు. గడువు తీరి వదిలేసిన డొమైన్‌ను ఎవరైనా కొనవచ్చు. కొన్నవాడు పాత సైట్‌ను పోలిన పేజీ పెట్టి, అదే పేరుతో మెయిల్ ఐడీ సృష్టించి, పాత కస్టమర్లకు "కేవైసీ అప్‌డేట్ చేయండి" అని పంపితే నమ్మకుండా ఉండేవాళ్లు తక్కువ. అంతేకాదు, ఆ డొమైన్ మెయిల్‌కే ఫండ్ ప్లాట్‌ఫాం లాగిన్లు ముడిపడి ఉంటే, పాస్‌వర్డ్ రీసెట్ మెయిళ్లు నేరుగా అతని చేతికే పోతాయి.

అందుకే డొమైన్ యజమాని పేరిట, యజమాని ఈమెయిల్‌తో, యజమాని కార్డుతోనే కొనాలి. డిజైనర్‌కు తాత్కాలికంగా యాక్సెస్ ఇస్తే చాలు. డాట్ ఇన్ పేరు ఏడాదికి వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. ఒకేసారి ఐదేళ్లకు కట్టేయడం మంచిది. సైట్ సమాచారం దారిలో ఎవరికీ చిక్కకుండా చూసే సెక్యూరిటీ సర్టిఫికెట్‌కు విడిగా వేలు వసూలు చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితం, చాలా హోస్టింగ్ కంపెనీలు దాన్ని ఆటోమేటిక్‌గా పెట్టేస్తాయి. డబ్బు ఖర్చు చేయాల్సింది సొంత డొమైన్ మీద ఈమెయిల్‌కు. దానికి, మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందా అని సరిచూసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ సెట్టింగులు పెట్టించకపోతే అదే చిరునామాతో నకిలీ మెయిల్ పంపడం తేలిక. ఊరికే వస్తుందని క్రాక్ చేసిన వర్డ్‌ప్రెస్ (సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) థీమ్ వాడటం మాత్రం దొంగ చేతికి తాళం ఇవ్వడమే.

బ్యాంకుల స్థాయిలో ఈ నకిలీ సైట్ల సమస్య ఎంత ముదిరిందంటే, రిజర్వ్ బ్యాంకు 2025లో భారతీయ బ్యాంకులన్నింటినీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ చిరునామాకు మారమంది, ఆ ఏడాది అక్టోబర్ 31 గడువు పెట్టింది. ఆ పేర్లు ఇచ్చేది హైదరాబాద్‌లోని బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ ఐడీఆర్‌బీటీ ఒక్కటే. ఇతర ఆర్థిక సంస్థలకు డాట్ ఫిన్ డాట్ ఇన్ అని ప్రకటించింది. ఏఆర్‌ఎన్ ఉన్న చిన్న ఆఫీసుకు అలాంటి రక్షణ కవచం లేదు, తన పేరును తానే కాపాడుకోవాలి.

డబ్బు కట్టే బటన్ వద్దు

టెంప్లేట్‌లో "పే నౌ" బటన్, కింద క్యూఆర్ కోడ్ రెడీగా వస్తాయి. తీసేయాలి. ఫండ్ పెట్టుబడి డబ్బు కస్టమర్ సొంత బ్యాంకు ఖాతా నుంచి బీఎస్‌ఈ స్టార్ ఎంఎఫ్, ఎంఎఫ్ యుటిలిటీ లాంటి ప్లాట్‌ఫాం ద్వారా గానీ, ఫండ్ పథకం పేరిట చెక్కుతో గానీ వెళ్తుంది. డిస్ట్రిబ్యూటర్ ఖాతాను తాకాల్సిన పనే లేదు. "మా వ్యక్తిగత ఖాతాకు, ఫోన్‌పే నంబరుకు పెట్టుబడి డబ్బు పంపవద్దు. మా పేరు చెప్పి ఎవరైనా అడిగితే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని హోమ్ పేజీలోనే పెద్ద అక్షరాల్లో రాస్తే, కొడుకు మూడో ప్రశ్నకు అంతకంటే మంచి సమాధానం ఉండదు. మోసగాడు తన సైట్‌లో పెట్టడానికి వెనకాడే వాక్యం కూడా అదే.

పాన్, ఆధార్ అప్‌లోడ్ చేయించుకునే ఫారం కూడా అంతే ప్రమాదం. మామూలు కాంటాక్ట్ ఫారంలో ఎక్కించిన ఫైళ్లు హోస్టింగ్ సర్వర్ మీద ఒక ఫోల్డర్‌లో పడి ఉంటాయి. ఆ ఫోల్డర్ లింకు తెలిస్తే ఎవరైనా తెరవగలిగే సైట్లు బోలెడు. కేవైసీకి ఫండ్ హౌసులు, కేవైసీ రికార్డులు దాచే సంస్థల (కేఆర్‌ఏల) సొంత ఆన్‌లైన్ పేజీలు ఉన్నాయి, కస్టమర్‌ను అక్కడికి పంపితే చాలు. సైట్ ఫారంలో పేరు, ఫోన్ నంబరు, ఎప్పుడు కాల్ చేయాలో అడిగితే సరిపోతుంది. ఆధార్ తప్పనిసరైన చోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ అడగవచ్చు.

వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని రూల్స్ 2025 నవంబర్‌లో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు అప్పటి నుంచి 18 నెలలకు అమల్లోకి వస్తాయి. డేటా భద్రతలో నిర్లక్ష్యానికి గరిష్ఠ జరిమానా 250 కోట్లు. చిన్న ఆఫీసుకు అంత వేస్తారని కాదు గానీ చట్టం పరిధిలోకి అదీ వస్తుంది. ఎక్కువమంది గమనించని అంశం ఇంకొకటి: డేటా ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసును ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు కస్టమర్‌కు ఉండాలి. తెలుగు ఆ జాబితాలోదే. ఇంకెవరి సైట్ నుంచో కాపీ కొట్టిన ఇంగ్లిష్ ప్రైవసీ పాలసీ, అందులో కాలిఫోర్నియా చట్టాల ప్రస్తావనతో సహా, ఆ బాధ్యతలు అమల్లోకి వచ్చాక సరిపోదు.

సిప్ క్యాలిక్యులేటర్ చెప్పే అబద్ధం

సైట్‌లో అందరికీ ముద్దొచ్చేది సిప్ (నెలనెలా కొంత చొప్పున ఫండ్‌లో పెట్టే పద్ధతి) లెక్కలు చూపే క్యాలిక్యులేటర్. డిజైనర్ ఊరికే ఇస్తాడు, కస్టమర్ ఆడుకుంటాడు. చూడ్డానికి అమాయకంగా ఉంటుంది గానీ, వాగ్దానం దొంగచాటుగా దూరేది అక్కడినుంచే.

నెలకు 5,000 చొప్పున 20 ఏళ్లు కడితే మొత్తం కట్టేది 12 లక్షలు. రాబడి ఏడాదికి 9 శాతం అనుకుంటే చేతికొచ్చేది సుమారు 33.6 లక్షలు. 12 శాతం అనుకుంటే దాదాపు 50 లక్షలు. 15 శాతం అయితే సుమారు 75.8 లక్షలు. కట్టే డబ్బు మారలేదు, కాలం మారలేదు. స్లైడర్‌ను ఆరు గీతలు జరిపితే ఫలితం రెట్టింపు దాటింది. టెంప్లేట్లలో ఆ స్లైడర్ ముందే 15 దగ్గర పెట్టి ఉంటుంది. ఆకుపచ్చ రంగులో "మీ సంపద: 75,79,775" అని రూపాయి ఖచ్చితంగా చూపిస్తుంది. రాబడికి హామీ ఇవ్వకూడదని డిస్ట్రిబ్యూటర్‌కు తెలుసు, నోటితో ఎప్పుడూ ఇవ్వడు. కానీ ఆ స్క్రీన్‌ను ఫొటో తీసి దాచుకున్న కస్టమర్ మనసులో అది హామీగానే నాటుకుంటుంది. మార్కెట్ పడ్డ ఏడాది ఆ ఫొటోయే వాట్సాప్‌లో తిరిగొస్తుంది.

క్యాలిక్యులేటర్ తీసేయక్కర్లేదు. ఒకే అంకెకు బదులు తక్కువ, మధ్యస్థ, ఎక్కువ అని మూడు రాబడులు పక్కపక్కన చూపిస్తే చాలు. రూపాయి దాకా కాకుండా లక్షల్లోకి రౌండ్ చేసి చెప్పాలి. ధరల పెరుగుదల తీసేస్తే ఆ డబ్బు ఈనాటి విలువ ఎంతో ఇంకో వరుసలో చూపాలి. ఏడాదికి 6 శాతం ధరలు పెరుగుతాయనుకుంటే, 20 ఏళ్ల తర్వాతి 50 లక్షలు ఈ రోజు లెక్కలో 15, 16 లక్షలే. ఈ వరుస చూసి కస్టమర్ నిరాశపడతాడన్న భయం ఉంటుంది. సిప్ మొత్తం పెంచే ఆలోచన పుట్టేది కూడా దాన్ని చూశాకే.

కమీషన్ గురించీ ఇంతే నిక్కచ్చిగా ఉండాలి. రెగ్యులర్ ప్లాన్‌లో డిస్ట్రిబ్యూటర్‌కు ఫండ్ హౌస్ కమీషన్ ఇస్తుంది, అది పథకం ఖర్చుల్లోంచే వస్తుంది. 2013 జనవరి నుంచి కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్లు కూడా ఉన్నాయి. ఈ రెండు వాక్యాలు తమ సైట్‌లో రాసుకునే డిస్ట్రిబ్యూటర్లు అరుదు. డాలస్ కొడుక్కి డైరెక్ట్ ప్లాన్ సంగతి ఎలాగూ తెలుసు. దాచినట్టు కనిపిస్తే మిగతావన్నీ అనుమానంలో పడతాయి. ఫారాలు, నామినీ మార్పులు, కస్టమర్ చనిపోతే కుటుంబానికి యూనిట్లు బదిలీ చేయించడం, మార్కెట్ పడినప్పుడు సిప్ ఆపొద్దని కూర్చోబెట్టి చెప్పడం లాంటి సేవలకే ఆ కమీషన్ అని వివరంగా రాస్తే అందులో తలవంపులేమీ లేవు.

తెలుగు పేజీ, అను ఫాంట్లు

కస్టమర్లు తెలుగువాళ్లు, సైట్ మాత్రం ఇంగ్లిష్. తెలుగు పెడదామని డిజైనర్‌ను అడిగితే, పాత బ్రోచర్ ఉంది కదా అని దాన్నే తీసుకుంటాడు. ఆ బ్రోచర్‌ను డీటీపీ సెంటర్‌లో పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టి ఉంటారు. అది యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా చదవగలిగే ప్రామాణిక అక్షర పద్ధతి) కాదు. కాపీ చేసి సైట్‌లో అతికిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలిసిన చెత్త వస్తుంది. దాంతో బ్రోచర్‌నే బొమ్మగా మార్చి ఎక్కించేస్తారు. ఫోన్‌లో ఆ బొమ్మ కుంచించుకుపోయి అక్షరం కనిపించదు, గూగుల్‌కు అందులో ఏముందో సరిగా అందదు, చూపు తగ్గిన పెద్దవాళ్లు అక్షరాలు పెద్దవి చేసుకునే వీలుండదు. యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేయించడం ఒక పూట పని. మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్లు ఉచితంగానే ఉన్నాయి. వరుసల మధ్య ఖాళీ ఇంగ్లిష్ కంటే ఎక్కువ పెట్టమని చెప్పాలి, లేకపోతే ఒత్తులు కింది వరుస గుడులకు తగులుకుంటాయి.

అనువాదం సాఫ్ట్‌వేర్‌కు వదిలేస్తే వచ్చే "పరస్పర నిధి పంపిణీదారు" లాంటి తెలుగు ఎవరికీ అర్థం కాదు. మ్యూచువల్ ఫండ్, సిప్, నామినీ, లాకిన్ అని జనం అనే మాటలే రాయాలి. పెద్దవాళ్లు వెతుక్కునేది ఎక్కువగా పనికి సంబంధించిన ప్రశ్నలకే: బ్యాంకు ఖాతా మారితే ఏం చేయాలి, భర్త పేరు మీదున్న ఫండ్లు ఆయన పోయాక భార్యకు ఎలా వస్తాయి, ఏయే కాగితాలు కావాలి. ఇలాంటి పేజీలు నాలుగైదు ఉన్నా చాలు. ఫిర్యాదు ఎక్కడ చేయాలో కూడా తెలుగులోనే ఉండాలి. ముందు ఆఫీసు నంబరు, ఆ తర్వాత ఫండ్ హౌస్, అక్కడా తేలకపోతే సెబీ స్కోర్స్ పోర్టల్, ఇన్సూరెన్స్ అయితే బీమా భరోసా. తన మీద ఫిర్యాదు చేసే దారి తానే చూపించడం ఎందుకని కొందరు వెనక్కి తగ్గుతారు. దారి చూపించినవాడి మీద ఫిర్యాదు చేసే ముందు జనం ఒకసారి ఫోన్ చేసి మాట్లాడతారు.

అమెరికాలో ఉన్న కస్టమర్ల పిల్లలను ఉద్దేశించి "ఎన్‌ఆర్‌ఐ సర్వీసెస్" పేజీ పెట్టేవాళ్లు ఒక మాట జోడించాలి. విదేశీ ఖాతాల వివరాలు చెప్పమనే అమెరికా చట్టం ఫాట్కా, అలాంటి ఇతర నిబంధనల వల్ల అమెరికా, కెనడా నివాసుల నుంచి అన్ని ఫండ్ హౌసులూ పెట్టుబడి తీసుకోవు, తీసుకునేవాటిలో కొన్ని అదనపు కాగితాలు అడుగుతాయి. ఇది రాయకుండా "ప్రపంచంలో ఎక్కడినుంచైనా నిమిషాల్లో" అనడం అబద్ధమే.

సైట్ పెట్టాక మరిచిపోయే జబ్బు అందరిదీ. ఇక్కడ మాత్రం గడువుల పట్టీ ఒకటి గోడకు ఉండాల్సిందే: ఏఆర్‌ఎన్ ఎప్పుడు ముగుస్తుంది, డొమైన్, హోస్టింగ్ ఎప్పటిదాకా, వర్డ్‌ప్రెస్ అప్‌డేట్ చివరిసారి ఎప్పుడు చేశారు. ఏఆర్‌ఎన్ గడువు దాటినా సైట్ మీద "ఆమ్ఫీ నమోదిత" అని ఉంటే అది తప్పుడు ప్రకటన అవుతుంది. ఒక్కరే నడిపే ఆఫీసుల్లో ఇంకో ముందుచూపు కూడా కావాలి. డొమైన్ లాగిన్ వివరాలు ఇంట్లో ఇంకొకరికి తెలిసి ఉండాలి. వ్యాపారం మూసేసినా డొమైన్‌ను వెంటనే వదిలేయకుండా, సేవలు నిలిచిపోయాయి, ఫలానా ఫండ్ హౌసులను నేరుగా సంప్రదించండి అన్న ఒక్క పేజీతో ఇంకో మూడు నాలుగేళ్లు రెన్యువల్ చేయిస్తూ పోవాలి. అందుకయ్యే ఖర్చు ఏడాదికి వెయ్యీ రెండు వేలు.